నమ్ముతాం సార్, ఏం పడలా

ఆ రోజుల్లో మా వైపు వార్తల్ని నమ్మేవాళ్లు దాదాపుగా లేరు. చూసేవాళ్లు మాత్రం ఇంటింటికీ ఉండేవాళ్లు. (ఆ రోజులంటే కిరసనాయిలు దీపాల రోజులనుకునేరు. చేతిలో స్మార్ట్‌ఫోను, ఆ ఫోనులో పొద్దున్నే పువ్వుల బొమ్మతో శుభోదయాలు ఉన్న రోజులే. చెవుల దగ్గర కాస్త నెరిసేసరికి మనిషికి మొన్నటి సంగతి కూడా ‘ఆ రోజులు’ అయిపోతుంది.) కోవూరులో మా మేనమామ ఒకే బహిరంగ సభను మూడు ఛానళ్లలో చూసేవాడు. ఒకదాంట్లో ఇసుక వేస్తే రాలనంత జనం, రెండోదాంట్లో వెనకవైపు ఖాళీ కుర్చీలు, మూడోదాంట్లో ఆ కుర్చీల మధ్య నిద్రపోతున్న కుక్క. “మూడూ నిజమేరా, అదే నా బాధ” అనేవాడు. ఢిల్లీ ప్రభుత్వం ఏదైనా మంచి కబురు చెబితే దాని వెనక ఏముందా అని వెతికేవాడు. చెడ్డ కబురు చెబితే ఇంకెంత దాచిపెట్టారో అని నిట్టూర్చేవాడు. అలాంటి మామ ఇంట్లో పెరిగిన నేను, పోయి పోయి ఒక టీవీ ఛానల్ వాళ్ల నెల్లూరు ఆఫీసులో చేరాను. మామ ఆశీర్వదించాడు గానీ, ఆ తర్వాత నేను బయట వాన పడుతోందన్నా కిటికీలోంచి చెయ్యి చాపి చూసుకున్నాకే గొడుగు తీసేవాడు.

ఉద్యోగం తాత్కాలికం. పర్మినెంటు అవుతుందా లేదా అన్నది మా ఆఫీసు పెద్ద చేతిలో ఉండేది. ఆయన్ను మేం చాటుగా బ్రేకింగ్ సారు అనుకునేవాళ్లం. ఏ మాటనైనా ఎర్ర అక్షరాల్లో ఉన్నట్టే పలికేవారు; టీ చల్లారితే అదీ తాజా వార్తే. పర్మినెంటు కాకపోతే ఏమవుతానో మామ ముందే తేల్చి చెప్పాడు. కోతలయ్యేలోగా ఆర్డరు రాకుంటే, ఆయనకు తెలిసినవాళ్ల రైస్ మిల్లులో గుమాస్తాగా కూర్చోవాలి. నాకు మిల్లు మీద చిన్నచూపు లేదు. నా ముక్కుకే తవుడు దుమ్ము మీద పెద్ద పట్టింపు. ఒకసారి మిల్లు చూడటానికి వెళ్లి, తుమ్ముల మధ్య దొరికిన ఖాళీల్లోనే నమస్కారం పెట్టి వచ్చాను.

సరిగ్గా అప్పుడే పార్లమెంటు ఎన్నికలు దగ్గరపడ్డాయి. హైదరాబాదులోని మా హెడ్డాఫీసు ‘దేశం మనసులో మాట’ అని ఒక సర్వే తలపెట్టింది. (సర్వే జనాః అని పురోహితులు అంత దీనంగా ఎందుకు మొదలుపెడతారో నాకు ఆ ఉద్యోగంలోనే బోధపడింది.) ప్రశ్నలు రెండే. కేంద్ర ప్రభుత్వాన్ని నమ్ముతారా? టీవీల్లో, పేపర్లలో వచ్చే వార్తలను నమ్ముతారా? నాకొక ట్యాబ్ ఇచ్చి, మెడలో నీలం తాడుకు వేలాడే గుర్తింపు బిళ్ల ఒకటి వేసి, పో నాయనా అన్నారు. నేను అద్దంలో ఆ బిళ్లను చూసుకున్నంతసేపు నా మొహం చూసుకుని ఉండను.

మొదట కొడవలూరు వైపు పొలాలకు వెళ్లాను. అక్కడ ‘అవును’, ‘కాదు’ అనే జవాబులు పండవు. నమ్మకమా, ముందు గట్టు మీద కూర్చో అబ్బయా, అని ఒక రైతు మొదలుపెట్టి, నాట్ల నుంచి ధర దాకా, ధర నుంచి ఢిల్లీ దాకా తీసుకెళ్లాడు. రెండో ప్రశ్న అడిగితే నా బిళ్ల వంక చూసి, నవ్వాపుకుని, లోటాతో మజ్జిగ ఇప్పించాడు. ఆ మజ్జిగలో ఉప్పుకన్నా జాలి ఎక్కువ ఉంది. వెంకటాచలంలో హైవే పక్కన టీకొట్టాయన మాత్రం, మీ ఛానల్‌ని నమ్ముతానన్నాడు. నేను సంబరంగా ట్యాబ్‌లో ‘అవును’ నొక్కబోతుంటే, ఎదుటి ఛానల్ అబద్ధాలు చెబుతోందని మీరు చెప్పినప్పుడు మటుకే, అని ముక్తాయించాడు. సాయంత్రం నా ట్యాబ్ చూసి బ్రేకింగ్ సారు దాన్ని బల్ల మీద బోర్లించారు. తర్వాత అన్నారు: “ప్రభుత్వాన్ని నమ్మడం లేదంటే అది వార్త. మనల్నీ నమ్మడం లేదంటే అది వార్త ఎట్లా అవుతుందయ్యా?” నమ్మకం లేకపోతే అమ్మకం ఉండదని ఆయన బాధ. సముద్రం వైపు వెళ్లమన్నారు. అక్కడి మనుషులవి విశాల హృదయాలని ఆయన నమ్మకం.

అట్లా నేనొక చేపలవాళ్ల పాళెం చేరాను. పొద్దున పడవలు ఒడ్డుకు వచ్చే వేళ. పరిచయానికి పనికొస్తుందని మొదట దిగినాయన్ను, ఏమైనా పడిందా అన్నా, అని అడిగాను. ఆయన నా వైపు ప్రశాంతంగా చూసి, ఏం పడలా, అన్నాడు. రెండో పడవాయన కూడా ఏం పడలా అన్నాడు. మూడో ఆయన నేను అడక్కముందే అన్నాడు. (పడవల్లో టార్పాలిన్ పట్టల కింద ఏవో ఎత్తుగా ఉన్నాయి, వలలు కాబోలు అనుకున్నాను. డిగ్రీ చదివాను కదా, అనుకోవడం బాగా వచ్చు.) పాపం, గంగమ్మ కరుణించని వీళ్లను ఢిల్లీ గురించి ఏమడుగుతామని సిగ్గుపడుతూనే నా ప్రశ్నలు విప్పాను. ప్రభుత్వాన్ని నమ్ముతారా అంటే, నమ్ముతాం సార్. వార్తల్ని నమ్ముతారా అంటే, నమ్ముతాం సార్. పిల్లా పెద్దా, ఆడా మగా, అదే మాట, అదే ప్రశాంతత. ఊరికి పెద్దకాపు, అంటే ఆ పాళెం పంచాయతీకి పెద్ద, తెల్లమీసాలాయన. ఆయన ఇంకో అడుగు ముందుకేసి, అంతా బాగుండాది సార్ అని రాసుకోండి, అన్నాడు. ఎండు చేపలు ఆరబెడుతున్న ఒక అక్క మాత్రం ప్రశ్నలు వినకుండానే నమ్ముతాం అనేసి, నీది ఏ ఊరు, పొద్దున ఏమన్నా తిన్నావా, అని నన్నే సర్వే చేసింది.

బ్రేకింగ్ సారు కుర్చీలోంచి లేచారు. ఆ జిల్లాలో అందరూ తిట్టే రెండింటినీ ఒక ఊరు ఊరంతా నమ్ముతోంది. హెడ్డాఫీసుకు కబురు వెళ్లింది. ‘నమ్మకాల పాళెం’ అని పేరు పెట్టారు. హైదరాబాదు నుంచి యాంకరమ్మ కెమెరాలతో సహా వచ్చి ఒడ్డు మీదనే లైవ్ చేస్తారని తేల్చారు. లైవ్ బాగా వస్తే నీ ఆర్డరు మీద సంతకమేనయ్యా, అన్నారు సారు. బాగా రాకపోతే ఏమిటో ఆయన చెప్పలేదు. నాకు తవుడు వాసన తగిలింది.

ఆ రోజు నేను అందరికన్నా ముందే పాళెం చేరాను. ఎండు చేపల అక్క దగ్గరికి వెళ్లి కూర్చుని, అక్కా, ఈ రోజు మీరంతా పోయినసారి చెప్పినట్టే చెప్పాలి, అటూ ఇటూ అయితే నా ఉద్యోగం పోతుంది, అని మిల్లూ తుమ్ములూ సహా మొత్తం చెప్పుకున్నాను. ఆమె చేపల్ని తిరగేస్తూనే విన్నది. అయ్యాక పెద్దకాపు ఇంటి వైపు వెళ్లి ఏదో చెప్పి వచ్చింది. కాసేపటికి ఊళ్లో ఒకతను గుడిసెల మధ్య అరుచుకుంటూ వెళ్లాడు. అది దురాయి అని, పంచాయతీ మాట అని, దాన్ని ఆ ఊళ్లో ఎవరూ దాటరని నాకప్పటికి తెలియదు. వలలు సర్దుకోమంటున్నాడేమో అనుకున్నాను. (అనుకోవడం గురించి ఇదివరకే మనవి చేశాను.)

లైవ్ మొదలైంది. యాంకరమ్మ పట్టుచీరలో, ఇసుకలో కూరుకుపోయే చెప్పులతో, దేశమంతా అపనమ్మకం అలముకున్న వేళ అంటూ అందుకున్నారు. ప్రభుత్వాన్ని నమ్ముతారా అని మైకు పెట్టిన ప్రతివాళ్లూ నమ్ముతాం తల్లీ అన్నారు. మీడియానో అంటే, ఇంకా గట్టిగా నమ్ముతాం తల్లీ అన్నారు. ఒక ముసలవ్వ అయితే అడగని వాతావరణ శాఖను కూడా నమ్మేసింది. యాంకరమ్మ గొంతు గద్గదమైంది. నేను యాంకరమ్మకు కాస్త పక్కగా నిలబడి మనసులోనే ఆర్డరుకు ఫ్రేమ్ కట్టిస్తున్నాను. అంతటితో ఆపినా బాగుండేది. ఆవిడ సొంత తెలివితో, పెద్దకాపు వైపు తిరిగి, ఇవాళ వేట ఎలా ఉంది పెద్దాయనా, అని ఆప్యాయంగా అడిగారు.

“ఏం పడలా తల్లీ.”

సరిగ్గా ఆయన భుజం వెనక, దేశమంతా చూస్తుండగా, నలుగురు ఆడవాళ్లు నిండు గంపలు మోసుకుంటూ ఐసు ఆటో వైపు వెళ్తున్నారు. వంజరాలు, చందువలు, గంప అంచు దాటి వేలాడే తోకలు. మా కెమెరా కుర్రాడు కళాహృదయుడు. మెల్లగా అటు జూమ్ చేశాడు. యాంకరమ్మ వెనక్కి తిరిగి చూసి, మరి అవి, అన్నారు.

“యావి?” అన్నాడు పెద్దకాపు, తల తిప్పకుండా.

చేపలు, అన్నారావిడ. అవి నిన్నటియి తల్లీ, అన్నాడాయన. ఆ మాట పూర్తవుతూనే నిన్నటి వంజరం ఒకటి గంపలోంచి ఎగిరి ఇసుకలో పడి, తపతపా కొట్టుకుంది. పెద్దకాపు దాని వైపు కూడా చూడలేదు. ‘నమ్ముతాం తల్లీ’ అన్నప్పుడు ఆయన మొహం ఎలా ఉందో, అదే ప్రశాంతత, అదే గొంతు, మీసం వెంట్రుక కూడా కదల్లేదు. చూసేవాళ్లకు వేరే వివరణ అక్కర్లేకపోయింది. నాకైతే అసలే అక్కర్లేకపోయింది. నా సర్వే మొత్తం ఆ ఇసుకలో తోక కొట్టుకుంటోంది.

కెమెరాలు సర్దుకుని కార్లు వెళ్లిపోయాయి. ఇక మిల్లే గతి అనుకుంటూ బోర్లించిన పడవ నీడలో కూర్చున్నాను. అక్క వచ్చి ఇంట్లోకి లాక్కుపోయి, కానాగంత చేపల పులుసుతో అన్నం పెట్టింది. పోగొట్టుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి ట్యాబ్ లేకుండా, బిళ్ల తీసి జేబులో వేసుకుని, మొదటిసారి మనిషిలా అడిగాను: నిజం చెప్పక్కా, మీరు నమ్ముతారా, నమ్మరా?

ఆమె గరిటె పక్కన పెట్టింది. “సముద్రంలో పక్క పడవోడు వచ్చి చేపలు యాడ పడినయ్యి అంటే చెప్తామా? చెప్తే రేపు వాడి వల మా చోటులో ఉంటాది. అందుకని అడిగినోడు ఎవురైనా ఏం పడలా అంటాం. నువ్వేమో మెళ్లో బిళ్లేసుకొని వచ్చినావు. గవర్నమెంటు బిళ్లో, టీవీ బిళ్లో మాకేం ఎరుక. నమ్మం అంటే ఎవురి చెవిన పడతాదో, చేపల ఏటకి పోకూడదన్న నెలల్లో ఇచ్చే సాయం యాడ ఆగిపోతాదో. బిళ్లోళ్లకి అంతా బాగుండాదనే చెప్పాలని శానా రోజుల కిందే పంచాయతీ మాట అయింది.”

మరి ఇవాళ, అన్నాను. ఇవాళ వేరేలే, నీ ఉద్యోగం పోకూడదని పెద్దకాపుకి నేనే చెప్పి మళ్లీ దురాయి ఏయించినా, ఆ గంపలోళ్లే తొందరపడినారు, అంది మామూలుగా. ఢిల్లీని నమ్మని ఊరు, హైదరాబాదును నమ్మని ఊరు, నా కోసం దండోరా వేయించుకుంది. తడిసిన కళ్లతో, అంటే నన్ను నమ్మినట్టేగా అక్కా, అన్నాను.

“నిన్నా? నువ్వూ టీవీవోడివేగా అబ్బయా. నీకు ఆకలేస్తాంది అంటే నమ్మినా. ఇంకో ముద్ద తిను.”

చేతులు కడుక్కుంటుండగా ఫోను మోగింది. బ్రేకింగ్ సారు. తుమ్ముకు సిద్ధమై ఎత్తాను. ఆ వంజరం ఎగిరిన ముక్క అప్పటికే ఊరూవాడా ఫోన్లలో తిరుగుతోందట. మా ఛానల్‌ను ఎప్పుడూ చూడనివాళ్లు కూడా దాని కోసం చూస్తున్నారట. హెడ్డాఫీసు మహదానందంగా ఉందట. మరి నమ్మకం సంగతి సార్, వాళ్లు నమ్మడం లేదు కదా, నేను కనుక్కున్నాను, అని చెప్పబోయాను. దాన్ని ఇప్పుడు కదిలించొద్దన్నారు. ఆ సాయంత్రమే తెర కింద అక్షరాలు పరుగెత్తాయి: వల ఖాళీ అయినా నిండుగా నమ్మకం. పైన బొమ్మలో గంపలు, కింద ఆ అక్షరాలు. మా మామ కోవూరు నుంచి ఫోను చేసి, మీ ఛానల్ ఇన్నాళ్లకు ఒక నిజం చూపించిందిరా, దాని కింద ఏదో రాసి చెడగొట్టారు, అన్నాడు. పర్మినెంటు ఆర్డరు మాత్రం వచ్చింది. దాన్నీ మామ వెలుతురులో పట్టుకుని వెనకా ముందూ చూశాకే నమ్మాడు.

ఇప్పటికీ ఈ పొట్ట ఆ ఉద్యోగంతోనే గడుస్తోంది. దేశం ఎవరిని ఎంత నమ్ముతోందో చెప్పే సర్వేలు ఎన్నికల ముందల్లా వస్తూనే ఉన్నాయి. వాటిని తెరకెక్కించే పని నాదే. పని చేస్తూనే, మాట్లాడే మనిషి భుజం వెనక ఎవరైనా ఏమైనా మోసుకెళ్తున్నారేమో అని చూస్తుంటాను. అప్పుడప్పుడు ఆ పాత లైవ్ మొత్తం పెట్టుకుని చూస్తాను. అందరూ వంజరాన్ని చూస్తారు. నేను బొమ్మ అంచులో సగం తెగిపోయి కనిపించే ఆ కుర్రాణ్ని చూస్తాను. నీలం తాడు, ఇస్త్రీ చొక్కా, ఒక్కొక్కరు ‘నమ్ముతాం’ అన్నప్పుడల్లా వెలిగిపోతున్న మొహం. ఆ సర్వే మొత్తంలో ప్రభుత్వం చెప్పిందీ, టీవీ చెప్పిందీ, జనం చెప్పిందీ అన్నీ నిజంగా నమ్మిన మనిషి వాడొక్కడే. పాపం, వాణ్నెవరూ అడగలేదు.