ఆరో ఫారంలో రెండు రొట్టెలు

మా మరిదికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. పుస్తకంలో మనిషి పస్తుంటే చూడలేడు.

ఎదురుపడ్డవాళ్ళని అన్నం తిన్నారా అని అడిగేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. మా మరిది అచ్చులో ఉన్నవాళ్ళని అడుగుతాడు. అడిగి ఊరుకోడు, పెడతాడు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం ఆయన ఉద్యోగం. అచ్చుకి వెళ్ళేముందు తప్పులు వెతికి, పక్కన ఎర్ర పెన్సిలుతో ఒప్పు రాయాలి. ఆయన లెక్కలో అన్నిటికన్నా పెద్ద అచ్చుతప్పు ఆకలి.

అదే ప్రెస్సులో నేను బైండింగు బల్ల దగ్గర పనిచేశాను. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చవుతాయి, దాన్ని ఫారం అంటారు. ఆ ఫారాలు మడిచి, కుట్టి, పుస్తకం చేసేదాన్ని నేనే. మూడో తరగతితో చదువు మానేసినా, నా చేతుల మీదుగా వెళ్ళినన్ని పుస్తకాలు ఏ ప్రొఫెసరు చేతుల మీదుగానూ వెళ్ళలేదు. కాకపోతే మడిచేటప్పుడు కంటికి ఆనేవి ఫారంలో మొదటి పేజీ, చివరి పేజీ. మధ్యలో ఏం జరిగిందో మరిదిని అడిగేదాన్ని. ఆయన ఎవరు ఏం తిన్నారో చెప్పేవాడు.

ఒక నవలలో పోలీసు దొంగని తరుముతాడు. నలభై పేజీలు ఒకటే పరుగు. ప్రూఫు మరిది చేతిలోంచి బయటికి వచ్చేసరికి పోలీసు దారిలో ఆగి రెండు అరటిపళ్ళు తిన్నాడు. మరి దొంగ మాటేమిటని అడిగాను.

"వాడికి ముందే పెట్టాను వదినా. ముందు పరిగెత్తేది వాడేగా."

ఇంకో దాంట్లో పిల్లవాణ్ణి ఎత్తుకుపోయి, కుర్చీకి కట్టి, నోట్లో గుడ్డ కుక్కుతారు. మరిది ఆ దుర్మార్గుల చేతే గుడ్డ తీయించి, గ్లాసుడు పాలు తాగించి, మూతి తుడిపించి, మళ్ళీ గుడ్డ కుక్కించాడు. దుర్మార్గుల మీద జనానికి గౌరవం పుట్టిందని ఆ రచయిత వచ్చి మొత్తుకున్నాడు. జైల్లో నిరాహారదీక్ష చేసే మనిషి నవల వచ్చినప్పుడైతే మరిది మూడు రోజులు పెన్సిలు పట్టలేదు. ఆ మనిషికి పెడితే కథే పోతుంది. చివరికి జైలు కాపలావాడికి కడుపునిండా భోజనం పెట్టించి కాస్త తేరుకున్నాడు.

ఓనరు అరిచినప్పుడల్లా మరిది తలొంచుకుని, పొరపాటున దొర్లిందండీ అనేవాడు. పొరపాటున దొర్లేది ఎప్పుడూ తిండే ఎందుకో ఓనరుకి అర్థమయ్యేది కాదు. జైలు నవల తర్వాత ఆయన తేల్చి చెప్పేశాడు. ఇంకొక్క మెతుకు పుస్తకంలో పడిందంటే, నువ్వు ఇంట్లో కూర్చుని తిందువుగాని అన్నాడు. పెన్సిలు తప్ప ఇంకోటి పట్టడం రాని మనిషి, ఉద్యోగం పోతే ఏం చేస్తాడు? నేను రోజూ చీవాట్లు పెట్టేదాన్ని. ఆయన బుద్ధిగా తలూపేవాడు.

అప్పుడు వచ్చింది శాక్సోఫోన్ అమ్మాయి నవల. రాసినావిడ ఏదో ఆఫీసులో టైపిస్టు. మధ్యాహ్నం భోజనాల వేళ సంచీ భుజాన వేసుకుని పరిగెత్తుకుంటూ వచ్చి, నాకు టైము లేదు, ప్రూఫులు మీరే చూసుకోండి అని కాగితాలు పడేసి వెళ్ళేది. హత్య కథ. హీరోయిన్ శాక్సోఫోన్ అనే ఊదే వాయిద్యం మీద జాజ్ వాయిస్తుంది. జాజ్ అంటే ఏమిటని మరిదిని అడిగితే, రాసిపెట్టుకున్నది ఉన్నట్టు వాయించరట, అప్పటికప్పుడు మనసుకి తోచింది కలుపుతారట. మరి నువ్వు చేసేది కూడా అదేగా నాయనా, నిన్నెందుకు తిడుతున్నారు అన్నాను.

ఆరో ఫారం నా బల్ల మీదికి వచ్చింది. మడుస్తుంటే తొంభై ఆరో పేజీ కంటబడింది. హోటలు వెనక గదిలో శాక్సోఫోన్ అమ్మాయి, బల్ల మీద మూతపెట్టిన పళ్ళెం. ఆవిడ మూత తీసి రెండు రొట్టెలు గుడ్డుతో తిని, మిగిలినవాటికి మళ్ళీ మూతపెట్టి, నీళ్ళు తాగి, "ప్రాణం కుదుటపడింది" అనుకుంది. ఆ చివరి మాట మా ఇంట్లో భోజనం కాగానే మరిది రోజూ అనేదే. అప్పటికే కాపీలన్నీ అచ్చయిపోయి నా ముందు గుట్టగా ఉన్నాయి.

ప్రెస్సులో ప్రూఫులు ఫారం తర్వాత ఫారంగా వస్తాయి. ముందు ఏం జరగబోతోందో దిద్దేవాడికి తెలీదు. తొమ్మిదో ఫారం ప్రూఫు వచ్చిన రోజు మరిది ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడి నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"వదినా, చంపేశాను."

"ఎవర్ని?"

"శాక్సోఫోన్ అమ్మాయిని. ఆవిడతో కలిసి వాయించే పియానో అతను చచ్చింది ఆ పళ్ళెంలో తినే. అందులో విషం ఉందట."

అంటే ఆ పిల్ల తొంభై ఆరో పేజీలో పోయి, నలభై పేజీలుగా అలాగే వాయిస్తోందన్నమాట.

మర్నాడు మధ్యాహ్నం రచయిత్రి రానేవచ్చింది. వెనకే ఓనరు, చేతులు కట్టుకుని. అచ్చయ్యాక తనకి పంపిన ఆరో ఫారం ఆవిడ మరిది బల్ల మీద పరిచింది.

"ఇది నేను రాయలేదు."

మరిది ఈసారి దొర్లిందనలేదు. "నేనే రాశానమ్మా," అన్నాడు.

"అందులో విషం ఉందండీ. ఆవిడ తినలేదు కాబట్టే బతికింది."

"ఎందుకు తినలేదో మీరు రాయలేదమ్మా."

"ఎందుకేముంది, మర్చిపోయింది."

"తొంభై ఆరు పేజీలా? తొమ్మిదిసార్లు వాయించింది, నాలుగుసార్లు మెట్లెక్కింది, రెండుసార్లు ఏడ్చింది. ముద్ద ముట్టలేదు. మర్చిపోయింది ఆవిడ కాదేమోనమ్మా. మీరు పొద్దున ఏం తిన్నారు?"

మీకెందుకు అనబోయింది కాబోలు. పొద్దున సంగతి ఆలోచించింది, నిన్నటి సంగతి ఆలోచించింది. రోజూ భోజనాల వేళ పరిగెత్తుకొచ్చేది మా ప్రెస్సుకే కదా. ఓనరు పైకప్పుకేసి చూశాడు. మరిది సొరుగులోంచి నేను కట్టిచ్చిన కారియరు తీసి, గిన్నెలు విడదీసి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ ఆరో ఫారం పక్కకి నెట్టి తినడం మొదలుపెట్టింది. రెండో గిన్నె కూడా ఖాళీ చేసింది.

తర్వాత మరిదిని అడిగి తెలుసుకుని ఓనరే నాకు చెప్పాడు. ఆ దొంగ నవల రాసినాయన, పిల్లవాడి నవల రాసినాయన, జైలు నవల రాసినాయన, అందరూ ఆ బల్ల దగ్గర తిన్నవాళ్ళేనట. వాళ్ళ కథల్లో తిండి కనబడకపోతే మరిదికి అనుమానం వచ్చేదట. ముందు పుస్తకంలో పెట్టి చూసేవాడు. పోట్లాటకి వస్తే పళ్ళెంలో పెట్టేవాడు. ఇన్నేళ్ళు ఇంతమంది నా చేతి వంట తిని వెళ్ళారని ఒక్కడూ నాతో అనలేదు. తెలిస్తే ఇంకో గిన్నె కట్టనా?

ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి తొమ్మిదో ఫారం ప్రూఫు అడిగింది. అది ఇంకా అచ్చుకి వెళ్ళలేదు. చాలాసేపు చూసి, మరిది పెన్సిలే తీసుకుంది.

"ఈవిడ తిన్నప్పుడు పళ్ళెంలో విషం లేదు. అంటే ఈవిడ తిని వెళ్ళాక గదిలోకి వచ్చినవాడే హంతకుడు. ఆ సంగతి ఈవిడకి తప్ప ఎవరికీ తెలీదు," అంది.

ఓనరు చేతులు విప్పాడు. ఆరో ఫారం అలాగే ఉంది. మరిది ఉద్యోగమూ అలాగే ఉంది. పుస్తకం వచ్చాక జనమంతా ఆ రెండు రొట్టెల దగ్గరే హంతకుడు దొరికాడని మెచ్చుకున్నారు.

మరుసటేడు ఆవిడ రెండో నవల పట్టుకొచ్చింది. మళ్ళీ అదే శాక్సోఫోన్, ఇంకో శవం. ముప్పయ్యో పేజీ మధ్యలో నాలుగు వరుసలు ఖాళీగా వదిలేసి, పక్కన రాసింది: "ఈవిడకి ఆకలేస్తోంది. ఇక్కడ మీరు చూసుకోండి."

మరిది రెండు రోజులు ఆ ఖాళీ ముందు కూర్చున్నాడు. పెన్సిలు చెక్కాడు, మళ్ళీ చెక్కాడు. ఇన్నేళ్ళూ దొంగచాటుగా పెట్టిన మనిషికి, పెట్టమని అడిగేసరికి చెయ్యాడలేదు. చివరికి నా దగ్గరికి వచ్చాడు.

"వదినా, శాక్సోఫోన్ వాయించేవాళ్ళు ఏం తింటారంటావు?"

"గంటలకొద్దీ ఊదే పని నాయనా. కాస్త ఎక్కువే పెట్టు," అన్నాను.