కన్నమ్మ ‘తెలీలే’ అన్న రోజు

వేడెక్కిన నువ్వులనూనె వాసన వస్తే ఇప్పటికీ నాకు కోసపాళయంలో గంగమ్మ ఇంటి వెనక వసారా గుర్తుకొస్తుంది. అప్పటికి నేను ఆసుపత్రిలో కట్లు కట్టే పనికి పరీక్ష రాసి, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. నాకు తెలియనిది లేదనుకునే వయసు. గంగమ్మ మగపిల్లవాడిగా పుట్టి, ఆడమనిషిగా బతికి, అరవై దాటిన మనిషి. ఆమెలాంటివాళ్ళు కొందరు నిర్వాణం చేయించుకునేవారు, అంటే మగ అవయవాన్ని కోయించుకునేవారు. ఆ కోత ఎవరు కోసేవారో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. తర్వాత వాళ్ళు కోలుకునేదాకా చూసుకోవడం మాత్రం ఆమె పని.

అలా ఆమె ఇంట్లో కోలుకుంటున్న కన్నమ్మకు నిర్వాణమై నెల దాటాక, ఒకసారి పుండు చూసిపొమ్మని గంగమ్మ నన్ను పిలిచింది. నోటుపుస్తకం తీసి వరుసగా రాసుకున్నాను. జ్వరం లేదు. చీము లేదు. మూత్రం సాఫీగా వస్తోంది. కోత పూడింది. కింద గీత గీసి, “నయమైంది” అన్నాను.

“నయమైతే కూచోలేకుండా ఉండానే, తంబీ?” అంది కన్నమ్మ.

ఆమె దొరల ఇళ్ళకు చొక్కాలు, గౌన్లు కుట్టి బతికేది. నేలమీద మఠం వేసుకుని కూర్చోనిదే ఆ పని సాగదు. కోతకు ఒక పక్క బట్ట తగిలినా మంట, మరో పక్క అసలు స్పర్శే లేదు. “నాది కాని ఒళ్ళు వొదిలించుకుంటి. మిగిలింది కూడా నాది మాదిరి లేదే” అని గోడవైపు తిరిగింది.

నా జాబితాలో దానికి గడి లేదు. వెంటనే ఒకటి గీశాను. కన్నమ్మను కళ్ళు మూసుకోమన్నాను. గంగమ్మ దూదితో తాకుతూ పోతుంటే నేను అడిగాను.

“తెలుస్తోందా?”

“తెలస్తాంది.”

“ఇక్కడ?”

“తెలస్తాంది.”

తొమ్మిది చోట్ల అవునని గుర్తు పెట్టాను. పదోసారీ “తెలస్తాంది” అంది. అప్పటికి దూది పట్టుకున్న గంగమ్మ చెయ్యి తన ఒళ్ళోనే ఉంది.

“చూసినావా ముసే?” అంది గంగమ్మ. నా చదువును వెక్కిరించాలనుకుంటే ఫ్రెంచి దొరను పిలిచినట్టు ‘ముసే’ అని పిలిచేది. “ఆ గొంతేంది? అవునంటే లడ్డు పెట్టేవాడి మాదిరి అడగతా ఉండావు. అదెట్లా లేదంటాది?”

కన్నమ్మ కళ్ళు తెరవకుండానే, “లేదంటే, ఇంక రాదని రాసేస్తాడని బయం” అంది.

రాసినవన్నీ కొట్టేశాను. గంగమ్మ నన్ను అటు తిరిగి, నోరు మూసుకుని కూర్చోమంది. మళ్ళీ మొదలుపెట్టింది. కాసేపటికి నా వెనకనుంచి “తెలీలే” అన్న మాట వినిపించింది. చిన్న గొంతే, కానీ వణకలేదు.

గోరువెచ్చని నీళ్ళు, నూనె, ఆ తర్వాత మూడు గుడ్డలు: పాత పట్టు, ఉతికిన నూలు, ముతక. ఇదీ గంగమ్మ పద్ధతి. తాకేది కన్నమ్మ చెయ్యే, ఇంకెవరిదీ కాదు. ముందు బాగా తెలిసే తొడమీద, వెంటనే అదే గుడ్డతో తెలియని చోట. మండితే మళ్ళీ పట్టు గుడ్డకే రావాలి. “తొందరేంది? కొత్త కోడలికి రెండు దినాల్లో ఇల్లంతా తెలస్తాదా?” అనేది.

వారానికోసారి వెళ్ళి, అటు తిరిగి కూర్చుని రాసేవాడిని. ముందు మంట తగ్గింది. నూలు గుడ్డ ఓర్చుకోగలిగిన వారం కన్నమ్మ కూర్చుని ఒక చొక్కా చేతులు కుట్టింది. ఒకరోజు ఉన్నట్టుండి, “ఉండండి, యాడో చీమ పాకినట్టుందే” అంది.

“చీమ కాదే పిచ్చిదానా, నీ వేలే” అంది గంగమ్మ. ఇద్దరూ ఎంతసేపు నవ్వారో!

కొన్ని నెలలకు ఆ చీమ స్పర్శ అయింది. సుఖం కూడా అయిందని గంగమ్మ చెప్పింది. అది ఎంతన్నది కన్నమ్మ చెప్పలేదు, నేను గడి గీయలేదు. ఎడమపక్క వేలెడు చోటు మాత్రం తిరిగి రాలేదు. “పోనీ. తెలీకపోయినా నాదే” అంటూ ఆమె సూదిలో దారం ఎక్కించింది.

గంగమ్మ ఇప్పుడు లేదు. ఆసుపత్రిలో కాలినవాళ్ళు, కాలు పోయినవాళ్ళు నా దగ్గరికి వస్తారు. కట్టు విప్పి, తాకి, తెలుస్తోందా అని ఒక్కసారే అడిగి, మొహం పక్కకు తిప్పుకుంటాను. కొత్తగా చేరినవాళ్ళు నవ్వుకుంటారు. ఎవరైనా “లేదు” అంటే, ఆ మనిషి నన్ను నమ్మాడని అర్థమవుతుంది.