మిర్చి కాటా మీద కబడ్డీ ఆటగాడు

1984లో వేసవి సెలవులు ముగియగానే మాచర్లలోని ఒక డిగ్రీ కాలేజీకి ఫిజికల్ డైరెక్టర్‌గా బదిలీ అయ్యాను. పేరుకు డైరెక్టర్నే గానీ నా చేతి కింద ఉన్నవి ఒక విజిలు, గాలి నిలవని వాలీబాళ్లు, చంద్రవంక వాగు వైపు గోడ లేని గ్రౌండు, అంతే. హోదా లెక్చరర్లతో సమానమని స్టాఫ్ రూములో కుర్చీ ఇచ్చారు. దానికి చెయ్యి ఒక వైపే ఉండేది.

ఆ కాలేజీ గొప్పగా చెప్పుకునేది కబడ్డీ జట్టు ఒక్కటే. జట్టుకు ప్రాణం బి.ఏ. రెండో సంవత్సరం చదువుతున్న కోటేశు. కూతకు వచ్చినవాడి కాలు పట్టుకోవడం వాడి పని. సెలవుల్లో తండ్రితో కలిసి లారీలకు నాపరాళ్లు ఎత్తేవాడు కాబట్టి, పట్టాడంటే ఇక వదిలేది లేదు. అయితే అప్పట్లో మేం ఆడే పోటీల్లో ఆటగాడు డెబ్బై కిలోలు దాటకూడదని నియమం. ఆ వేసవిలో వాళ్లమ్మ ఆదెమ్మ పెట్టిన గడ్డపెరుగు, మామిడిపళ్ల పుణ్యమా అని కోటేశు డెబ్బై అయిదుకు చేరాడు. కండ ఎక్కడికీ పోలేదు, దాని ముందుకు ఒక పొట్ట వచ్చి కూర్చుంది.

వానలు తగ్గాక నరసరావుపేటలో పోటీలు. అక్కడ ఆడితేనే యూనివర్సిటీ జట్టుకు ఎంపిక. అందులో పడితే ఆటగాళ్ల కోటాలో ఉద్యోగం దొరికే ఆశ ఉంటుంది. "లేకపోతే నేనూ మా నాయన మాదిరి లారీ వెనకాల పోవాల్సిందే సార్" అన్నాడు కోటేశు. వాడు నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు కార్డియో అంటున్నారు. అప్పుడు మాకు తెలిసిన కార్డియో పరుగు ఒక్కటే. పొద్దునా సాయంత్రం వాణ్ణి గ్రౌండు చుట్టూ పరిగెత్తించాను. అలిసిపోతాడని రాళ్లెత్తడం మాన్పించాను. అన్నంతో పాటు పప్పు, గుడ్లు కూడా కోసేశాను. బరువు చకచకా దిగింది. నేను స్టాఫ్ రూములో మీసం తిప్పాను.

ఒక సాయంత్రం ప్రాక్టీసులో, జట్టులోకెల్లా బక్కవాడు కూతకు వచ్చాడు. కోటేశు వాడి కాలు పట్టాడు. బక్కవాడు ఆగలేదు. కోటేశుతో సహా మధ్యగీత దాటేసి, వెనక్కి తిరిగి చూసి హడలిపోయాడు. "ఏదో చెప్పు తెగి ఈడ్చుకొస్తందనుకున్నా సార్" అన్నాడు.

ఈ సంగతి తెలిసి ఆదెమ్మ నేరుగా గ్రౌండుకే వచ్చింది. "ఏంది సారూ, పిల్లోణ్ణి కళ్లంలో మిరగాయల్లే ఎండబెడతన్నారు? ఎండితే బరువు తగ్గుద్ది, కాదన్ను. వాణ్ణి ఆడించాలా, అమ్మాలా?" అంది.

శిక్షణలో చదివిన పాఠం అప్పుడు గుర్తొచ్చింది. తిండి తగ్గించి అదేపనిగా పరిగెత్తిస్తే ఒంట్లో కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. పని చెప్పని కండను శరీరం ఉంచుకోదు. అందుకని పద్ధతి మార్చాను. రోజూ జోరు నడక. వారంలో రెండు మూడు రోజులు మాత్రం చిన్నచిన్న పరుగులు, మధ్యలో విశ్రాంతి. రాళ్లెత్తడం మళ్లీ మొదలు. అన్నం కోత అలాగే ఉంది, పప్పు, గుడ్లు తిరిగొచ్చాయి. పెరుగు దగ్గర ఆదెమ్మ కూరగాయల బేరమంత బేరం ఆడి, చెంబు నుంచి గ్లాసుకు దిగింది.

నడక జోరుకు ఒక కొలత ఉంది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. కోటేశు హాయిగా పాడేవాడు. మిట్ట ఎక్కే దారి పట్టించాక పాట ఆగింది. పాట బాధ తప్పిన పాత దారిలో ఇళ్లున్నవాళ్లు నాకు నమస్కారం పెట్టడం మొదలుపెట్టారు.

కాలేజీలో మనుషుల్ని తూచే మిషను లేదు. మిర్చి కమీషన్ కొట్టులో గోతాలు తూచే కాటా మీదే వాణ్ణి నిలబెట్టేవాళ్లం. గుమాస్తా మస్తాన్ కాటా గుండు జరిపి, వేలంపాటలో కేకేసినట్టు బరువు చెప్పేవాడు. పోటీలకు బయల్దేరే ముందురోజు "డెబ్బై!" అని కేక పెట్టాడు. జట్టంతా కోటేశును ఎత్తుకుని గంతులేసింది.

మర్నాడు నరసరావుపేటలో తూకం చూసే అధికారి "డెబ్బై ఒకటి" అన్నాడు. మీ కాటా తప్పని నేను వాదించాను. మా కెప్టెన్‌ది మిరప తోటల కుటుంబం. వాడు ఠపీమని నెత్తి కొట్టుకున్నాడు. "సార్! మస్తాన్ మావ తరుగు తీసి చెప్పుంటాడు!"

మిర్చి గోతం కాటా ఎక్కితే, గోతం బరువుకు, కాయల్లో తేమకు కలిపి కిలో తీసేసి బరువు చెప్పడం ఆ కొట్టు ఆనవాయితీ. మస్తాన్‌కు గోతమైనా కోటేశైనా ఒకటే.

పది గంటల దాకా గడువిచ్చారు. జట్టంతా "పరిగెత్తిద్దాం సార్" అంది. పరిగెత్తితే కాళ్లు ఆటకు ముందే అయిపోతాయి. మళ్లీ నడకే అన్నాను. కంబళి కప్పి, చెమట పట్టేలా వీధిలో నడిపించాం. చెమటలో పోయేది నీళ్లే, కొవ్వు కాదు. అది ప్రమాదం కూడా, ఎవరూ చెయ్యకండి. ఆ పూట నాకు వేరే దారి తోచలేదు.

పొద్దుటి ఎండలో కంబళి కప్పుకుని పోతున్న పిల్లవాణ్ణి చూసి, అరుగు మీది ముసలమ్మ ఒకావిడ "అయ్యో నాయనా, చలిజరమా?" అని చెంబుడు మజ్జిగ చేతికిచ్చింది. మేం వెనక నుంచి "ఒరేయ్, వద్దురా!" అని అరిచే లోపు చెంబు ఖాళీ. "పెద్దావిడ ఇచ్చింది, కాదంటే బాగోదు సార్" అన్నాడు మూతి తుడుచుకుంటూ. నాకు ఏడుపొక్కటే తక్కువ. మళ్లీ మొదటి నుంచి నడిచాం.

గడువు ముగిసే వేళకు కాటా ముల్లు డెబ్బై దగ్గర ఊగి, ఊగి, ఆగింది. ఉప్పు వేసిన మజ్జిగ నేనే దగ్గరుండి తాగించి, ఆట దాకా నీడన పడుకోబెట్టాను. సాయంత్రం అవతలి జట్టు మేటి ఆటగాడు కూతకొచ్చాడు. కోటేశు కాలు పట్టాడు. ఈసారి ఎవరూ ఎవర్నీ ఈడ్చుకుపోలేదు. తర్వాతి ఆటలో మేం ఓడాం గానీ, యూనివర్సిటీ జట్టులో కోటేశు పేరు వచ్చింది. ఆ తర్వాత పోలీసు ఉద్యోగమూ వచ్చింది. లారీ వెనకాల పోలేదు. నాకు ఇంక్రిమెంట్ వచ్చినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు.

తిరిగొచ్చాక మస్తాన్‌ను నిలదీశాను. "కాటా ఎక్కింది ఏదైనా తరుగు తియ్యాల్సిందే సారూ. ఇంకా కిలోతో సరిపెట్టా. వాడిలో తేమ చానా ఎక్కువ" అన్నాడు.

ఈ ఉదంతం నేర్పింది ఇది. కొవ్వు తగ్గాలి, కండ మిగలాలి అనుకునేవాడు జోరుగా నడవాలి, కొద్దిగా పరిగెత్తాలి, బరువులెత్తడం మానకూడదు, పప్పు, గుడ్లు తగ్గించకూడదు. తూకం మాత్రం మనుషుల్ని తూచే కాటా మీదే చూసుకోవాలి. రిటైరయ్యాక డాక్టరు నన్నూ బరువు తగ్గమన్నారు. రోజూ నడుస్తున్నాను. ఆదివారం పూట మిషను ఎక్కినప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి ఎంతని అడుగుతుంది. తరుగు తీసే చెబుతాను.