సుబ్బరత్నమ్మ కట్టిన ఎర్రపోగు

రోజూ పొద్దున రాట్నం ముందు కూర్చోగానే సుబ్బరత్నమ్మ కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుని, ఫోనును స్టీలు చెంబుకు ఆనించి నిలబెడుతుంది. కుడిచెయ్యి రాట్నం తిప్పుతుంది, ఎడమచేతి వేళ్ల సందు నుంచి నూలు కండె మీదికి పోతూ ఉంటుంది, కళ్లు ఫోనులో ఉంటాయి. కండె నిండి ఇంకొకటి ఎక్కించేటప్పుడు చిటికెనవేలితో పేజీ తిప్పుతుంది. కండెకు ఒక పేజీ. ఫలానా నవల ఎంత పెద్దదని అడిగితే ఆమె పేజీలు చెప్పదు. “రెండు వందల కండెలుంటుంది” అంటుంది.

ఆ కండెలన్నీ వెనకున్న గుంటమగ్గానికే. గుంటలో కాళ్లు పెట్టుకుని భర్త రామలింగప్ప నూలు చీరలు నేస్తాడు. మైదుకూరు శివార్లలోని ఆ వీధిలో ఒకప్పుడు ప్రతి ఇంట్లోనూ మగ్గం ఆడేది. ఇప్పుడు తొమ్మిది మిగిలాయి. ఆ తొమ్మిదింటికీ పడుగు ఇచ్చి, నేసిన చీరలు తీసుకుపోయే సావుకారు ఒక్కడే, ఉమామహేశ్వర. పడుగంటే మగ్గం మీద పొడవునా పరిచే దారాలు. సావుకారు పడుగిస్తే ఇంట్లో మగ్గం ఆడుతుంది, లేకపోతే లేదు.

సుబ్బరత్నమ్మ పదో తరగతి వరకు చదువుకుంది. పెళ్లయిన కొత్తలో ఊళ్లో చిన్న గ్రంథాలయం ఉండేది. అందులోని నవలలన్నీ ఆమె రెండేసిసార్లు చదివింది. కప్పు కారుతోందని దాన్ని మూసేశాక చాలా ఏళ్లు ఆమెకు క్యాలెండర్ వెనక రాశిఫలాలు, మందుల డబ్బాల్లో మడిచిపెట్టే కాగితాలే దిక్కయ్యాయి. కూతురు ప్రణీత డిగ్రీకి కడప వెళ్లేటప్పుడు తన పాత ఫోను అమ్మకిచ్చి, అందులో పుస్తకాల యాప్ ఒకటి వేసి, ఖాతా కూడా తెరిచింది.

ఆ యాప్‌లో ఎవరి పుస్తకం వాళ్లే పెట్టుకోవచ్చు. మధ్యలో ప్రచురణకర్త ఉండడు, తప్పులు దిద్దేవాడుండడు. చదివినవాళ్లు అయిదుకు ఇన్నని స్టార్లు వేసి, కింద అభిప్రాయం రాయొచ్చు. సుబ్బరత్నమ్మ మొదటి అభిప్రాయం ఇది: “ఆరో భాగంలో అత్త చనిపోయింది. తొమ్మిదో భాగంలో కాఫీ తెచ్చింది. కథ మాత్రం బాగుంది. అత్త సంగతి ఏదో ఒకటి తేల్చండి. మూడు స్టార్లు.”

తర్వాత వరసగా రాసింది. వాన పడినప్పుడల్లా ప్రేమ పుట్టే ఒక నవల కింద, “మా సీమలో అయితే ఈ అబ్బాయికి ఏడాదికి రెండు రోజులే వీలవుతుంది” అని రాసింది. ఒక పెద్దాయన రాసిన జ్ఞాపకాల కింద, “మీ అమ్మగారి గురించి రాసిన నాలుగు పేజీలు బంగారం. మీ గురించి రాసిన రెండు వందల పేజీలు తీసేయండి” అంది. ఆ పెద్దాయన నిజంగానే తీసేసి, ఆమెకు దండం పెడుతూ జవాబు రాశాడు. అందరూ అలా ఉండరు. “ఆంటీ, మీరు వంట వీడియోలు చూసుకోండి” అన్నవాళ్లే ఎక్కువ.

మిగతా పుస్తకాలన్నింటికీ అయిదు స్టార్లు ఎలా వస్తాయో ఆమెకు త్వరగానే అర్థమైంది. నా పుస్తకానికి నువ్వు, నీ పుస్తకానికి నేను. “పెండ్లిలో చదివింపులు మాదిరి. వాళ్లు ఎంత చదివిస్తే మనం అంత తిరిగి చదివించాల. లోపల పెండ్లికూతురుండాదో లేదో ఎవురూ చూడరు” అని ప్రణీతతో అంది.

తప్పును దాచకుండా చూపించే పద్ధతి ఆమెకు పుట్టింట్లో వచ్చింది. ఆమె తండ్రి చీరను మగ్గం నుంచి కోయగానే వాకిట్లోకి తెచ్చి వెలుగుకు అడ్డం పట్టేవాడు. ఎక్కడ పోగు తప్పిందో, ఎక్కడ తెగి అతికిందో చూసి, సరిగ్గా అక్కడ అంచుకు చిన్న ఎర్రపోగు ముడివేసేవాడు. కొనేవాళ్లకు తప్పు ఎక్కడుందో తెలియాలి. “పారేసే బట్టకు ఎవురూ ఎర్రపోగు కట్టరు. కట్టినామంటే అది మంచి బట్టనే” అనేవాడు. ఆమె ఇప్పటికీ భర్త నేసిన చీరలకు కడుతుంది. ఒకసారి సావుకారు గోడౌనుకు వెళ్తే, కత్తెర పక్కన సిమెంటు నేల మీద ఎర్రపోగులు గుప్పెడు కనిపించాయి. చీరలు అంగళ్లకు పోయేముందు అక్కడే కత్తిరిస్తారు. చూసి వచ్చింది. కట్టడం మానలేదు.

పోయినేడు శ్రావణం ముందర సావుకారు స్వయంగా ఇంటికి వచ్చాడు.

“ఏమమ్మా సుబ్బరత్నమ్మా, ఫోన్లో రాసేటోళ్లనంతా ఏడిపిస్తాండావంట?”

“ఎవురు చెప్పినారన్నా మీకు?”

“శానామందే చెప్పినారు. నువ్వు బాగుండాదంటేనే నమ్ముతారంట జనం.” మంచం మీద కూర్చుని గొంతు తగ్గించాడు. “నేనూ ఒకటి రాసినాలే. నవల. ‘ఎర్రంచు వెన్నెల’ అని. మన నేతోళ్ల గురించే. వందకు పైన అయిదు స్టార్లు పడినాయి గానీ, అంతా తెలిసినోళ్లే. నీదొకటి పడితే దానికొక విలువ.”

గుంటలోంచి రామలింగప్ప అందుకున్నాడు. “రాస్తాదిలేన్నా. అయిదు గాకుంటే పది ఏస్తాది.”

“పది లేవప్పా దాంట్లో!” సావుకారు నవ్వాడు. లేస్తూ, “నిజమే రాయమ్మా. నాకు నిజమే కావాల” అన్నాడు.

ఆమె మూడు రోజుల్లో చదివింది. మొదటి నలభై కండెలు ఆనందంగా గడిచాయి. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు పరిచి గంజి పట్టే అధ్యాయంలో ఆ పుల్లటి వాసన కూడా ఉంది. సావుకారు తాత కూడా గుంటలో కూర్చున్నవాడే కదా, ఎక్కడికి పోతుంది అనుకుంది. తర్వాత తప్పులు మొదలయ్యాయి. పన్నెండో అధ్యాయంలో వానలో గంజి పట్టారు. ఆ తర్వాత కథానాయకుడు ప్రేమకోసం ఒక్క రాత్రిలో చీర నేసేశాడు. ఇవి ఆమె నవ్వుకునే తప్పులు.

చివరి అధ్యాయంలో వీరన్న అనే నేతగాడు ఉన్నాడు. ఎడమ కనుబొమ మీద గాటు. నేస్తూ ముక్కుతో పాట తీసే అలవాటు. ఆ గాటు చిన్నప్పుడు రాట్నం తగిలి పడింది. ఆ సమయంలో రాట్నం తిప్పుతున్నది సుబ్బరత్నమ్మే. వీరన్న అంటే ఆమె తమ్ముడు తిమ్మయ్యే. పుస్తకంలో వీరన్న జబ్బుపడి మగ్గం మీదే కూలిపోతాడు. సావుకారు అతని తలను ఒళ్లోకి తీసుకుంటాడు. “మీ ఉప్పు తిన్న ఒళ్లు దొరా ఇది” అని వీరన్న కళ్లు మూస్తాడు.

తిమ్మయ్య చనిపోయింది డోన్‌లో. చీరలు పోవడం లేదని ఆరు నెలలు పడుగు రాకపోతే, లారీలకు నాపరాళ్లు ఎత్తే పనికి వెళ్లాడు. మే నెల ఎండలో, లారీ నీడలో పడిపోయాడు. తల ఎవరి ఒళ్లోనూ లేదు. సావుకారు పదకొండో రోజు వచ్చి తిమ్మయ్య భార్యకు చీర పెట్టి వెళ్లాడు.

ఆ రోజు సుబ్బరత్నమ్మ రాట్నం కండె మధ్యలో ఆగింది.

రెండు రోజులు ఆలోచించి రాసింది: “గంజి పట్టే అధ్యాయం చదువుతుంటే మా వీధిలో నడిచినట్టుంది. ఇంత బాగా రాసిన పుస్తకం ఇందులో నేను చూడలేదు. కానీ వానలో పట్టిన గంజి నిలవదు. వీరన్నలాంటి వాళ్లు సావుకారు ఒళ్లో చనిపోరు. పడుగు రాక, రాళ్లెత్తడానికి పోయి అక్కడ చనిపోతారు. ఆ ఒక్క అధ్యాయం మళ్లీ రాస్తే ఇది మంచి నవల. రెండు స్టార్లు.”

నేతింటి మనిషి కాబట్టి అర్థం చేసుకుంటాడనుకుంది. పారేసే బట్టకు ఎవరూ ఎర్రపోగు కట్టరని ఆయనకూ తెలుసనుకుంది.

చేతిలో ఉన్న చీరలు అయిపోయి రామలింగప్ప కొత్త పడుగుకు వెళ్తే, “నూలు రాలేదప్పా” అన్నాడు సావుకారు. వారం తర్వాత వెళ్తే మళ్లీ అదే మాట. వీధిలో ఎనిమిది మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి.

“ఎనిమిదింటికి వచ్చిన నూలు మనకు మాత్రం యాడ ఆగిందో నీకు తెల్దా?” అన్నాడు రామలింగప్ప.

“తెలుసు. నిజం రాయమన్నాడు గదా ఆయప్ప.”

“పెండ్లిలో తిన్నంక అన్నం ఎట్లుండాదని అడుగుతారు. ఉప్పు తక్కువైందని చెప్తారా ఎవురన్నా? మార్చెయ్యి దాన్ని.”

“మార్చను.”

“నువ్వు రాసినా మీ తమ్ముడు రాడు, రాయకున్నా రాడు.”

“రాడు. కానీ ఆయప్ప ఒళ్లో మాత్రం సచ్చిపోలేదు గదా.”

రామలింగప్ప ఖాళీ మగ్గం వైపు చూశాడు. “సరే. నేనూ డోన్‌కు పోతాలే. మీ తమ్మునికి ఆయప్ప సూపిచ్చిన దోవే గదా.”

నెలన్నర మగ్గం ఆడలేదు. కండెలు చుట్టే పని లేకపోయినా పొద్దున ఫోనును చెంబుకు ఆనించి కూర్చునేది. చేతులు ఊరకే ఉంటే చదువు సాగేది కాదు.

ఒక ఆదివారం ఆటోలో పడుగు వచ్చింది. వెనకే సావుకారు వచ్చాడు. “కొన్ని పుస్తకాలు రెండోసారి చదివితే గానీ అర్థం గావు గదమ్మా. పెద్ద మనసుతో రాసినావు” అన్నాడు.

ఆయన వెళ్లాక ఆమె ఫోను తెరిచింది. ఎర్రంచు వెన్నెల కింద, తన పేరుతో, అయిదు స్టార్లు. “కన్నీళ్లు ఆగలేదు. వీరన్న మరణం గుండెను పిండేసింది. సావుకారు మానవత్వానికి పాదాభివందనం. ప్రతి ఒక్కరూ చదివి తీరాల్సిన నవల.” చివర మూడు దండాల బొమ్మలు.

ప్రణీతకు ఫోన్ చేసింది.

“నేనే మార్చినా మా. పాస్‌వర్డు నాదే గదా.”

“ఎవురు చెప్పినారు మార్చమని?”

“ఎవురూ చెప్పల్యా. నాయన ఫోన్ చేసి, డోన్‌కు బస్సు ఎన్ని గంటలకని అడిగినాడు.”

సుబ్బరత్నమ్మ అడిగింది, “ఆ నవల చదివినావా నువ్వు?”

“లేదు మా.”

“మరి కన్నీళ్లు యాడ నుంచి వచ్చినాయే?”

“అందరియీ చూసి రాసినా. తిట్టుకుంటే తిట్టుకో. వద్దంటే మళ్లా మార్చుకో, నేనేమన్నా తాళమేసినానా?”

ఫోన్ పెట్టేసి, యాప్‌లో మార్చు అనే మాట మీద ఆమె బొటనవేలు పెట్టింది. వెనక రామలింగప్ప కొత్త పడుగు పోగులను మగ్గంలో మిగిలిన పాతవాటి కొసలకు ఒక్కొక్కటే అతుకుతున్నాడు. నెలన్నర తర్వాత ఆయన ముక్కుతో ఏదో పాట తీస్తున్నాడు. “కండెలు చుట్టినావా?” అని తలెత్తకుండా అడిగాడు. ఆమె వేలు తీసేసి రాట్నం దగ్గరికి లాక్కుంది.

ఆమె రాసిన వాటిలో దేనికీ రానన్ని లైకులు దానికి వచ్చాయి. అత్త కాఫీ నవల రాసినామె అడిగింది: “మా అత్త లేచి వస్తే తప్పన్నారు. సావుకారు ఒళ్లో చచ్చిపోతూ డైలాగు చెప్తే కన్నీళ్లొచ్చాయా ఆంటీ?” ఎవరికీ ఎప్పుడూ జవాబు బాకీపడని సుబ్బరత్నమ్మ దానికి జవాబు రాయలేదు.

కడపలో పుస్తకానికి సభ పెట్టారు. సావుకారు ఆమె అభిప్రాయం వేదిక మీద చదివించి, “నిప్పులాంటి పాఠకురాలు” అని చీర పెట్టాడు. ఇంటికి వచ్చి ఆమె దాన్ని వెలుగుకు అడ్డం పట్టింది. రామలింగప్ప నేసిందే. అంచు దగ్గర ఒకచోట పోగు తప్పి ఉంది. పక్కన ముడి కోసేసిన చోట ఎర్రటి నూగు కొంచెం మిగిలింది.

ఆ నవలలో చివరి అధ్యాయం అలాగే ఉంది. యాప్‌లో సుబ్బరత్నమ్మ పేరుతో నలభై మూడు అభిప్రాయాలున్నాయి. ఆ తర్వాత ఆమె ఇంకొకటి రాయలేదు. చదవడం మానలేదు. ఇప్పుడు మగ్గం మీద సావుకారు ఇచ్చిన నాలుగో పడుగు నడుస్తోంది.