మూడో చరణానికి చోటు లేదు

మా బంధువుల్లో ఎవరి పిల్లలు కాలేజీలో చేరినా నాకు ఫోను వస్తుంది. "తక్కువలో ఒక ల్యాప్‌టాప్ చూశాం, మెమరీ కొంచెం తక్కువంట, మనకు చాలు కదా?" అని అడుగుతారు. అడిగేవాళ్ళ తప్పేమీ లేదు. అయినా ఆ 'మనకు చాలు' అన్న మాట చెవిన పడగానే నాకు ఒళ్ళు మండుతుంది. చాలని ఎవరు చెప్పారు, వాళ్ళకేం తెలుసు మీ సంగతి, అని గట్టిగా అడిగేస్తాను. వాళ్ళు పాపం బిత్తరపోయి ఫోను పెట్టేస్తారు.

ఈ కోపం పాతది. తొంభైల చివర్లో ఆత్మకూరు బస్సు డిపోకి దగ్గర్లో నేను డీటీపీ షాపు పెట్టినప్పటిది. కంప్యూటర్లో తెలుగు అక్షరాలు కూర్చి పెళ్ళి పత్రికలు, కరపత్రాలు ప్రింటు తీసివ్వడం నా పని. నెల్లూరులో నేర్చుకుని, అక్కడే కంప్యూటరు కొన్నాను. మేము నేర్చుకున్న మిషన్లలో పదహారు ఎంబీ మెమరీ ఉండేది. అమ్మేవాడు నాకు చూపించినదాంట్లో అందులో సగమే ఉంది.

"పదహారుది లేదా అన్నా?" అని అడిగాను.

"యాడమ్మా మీది?" అన్నాడు.

"ఉదయగిరి పక్కన పల్లె. షాపు ఆత్మకూర్లో పెడతా ఉండాను."

"ఆత్మకూరికా! అయితే ఎనిమిది చాల్లేమ్మా. ఆడ మీరు చేసే పనేముంటాది, పెళ్ళి కార్డులే గదా."

నేను మెమరీ గురించి అడిగితే అతను మా ఊరి గురించి జవాబు చెప్పాడు. పదహారుదైతే ధర ఎక్కువ, నీవల్ల కాదు అని చెప్పి ఉంటే నాకు కోపం ఉండేది కాదు. మెట్ట ప్రాంతం వాళ్ళు, వీళ్ళకు సగం చాలు అని అతని లెక్క. నేను కూడా తల ఊపి తెచ్చుకున్నాను.

నిజంగానే పెళ్ళి కార్డులకు అది చాలింది. చాలనిది మా అవ్వ పాటకి.

అవ్వ అంటే మా నాయన తల్లి. ఉదయగిరి దగ్గర మా పల్లెలో ఉండేది. చదువు రాదు గానీ పాటలు కట్టేది. మా పల్లెలో ఆడవాళ్ళు వారానికోసారి సాయంత్రం పూట ఎవరో ఒకరి ఇంట్లో చేరి ప్రార్థన పెట్టుకునేవాళ్ళు. వాళ్ళు కట్టుకునే పాటలకు ఒక పద్ధతి ఉండేది. పాటకు మూడు చరణాలు. మొదటి రెండూ దేవుడివి. మూడోది పాట కట్టినామెది. మొగుడి తాగుడో, పంట పోవడమో, బిడ్డ జబ్బో, ఆమె ఇంట్లో ఏ కష్టం ఉంటే అది మూడో చరణంలోకి వచ్చేది. పల్లెలో ఎవరికీ చెప్పుకోలేని మాట అక్కడ అందరి ముందూ పాడొచ్చు, ఎవరూ ఎదురు మాట్లాడకూడదు. ఆమె కష్టాన్ని మిగతావాళ్ళు కూడా తమదైనట్టే గొంతు కలిపి పాడేవాళ్ళు.

అవ్వ పాటలో మూడో చరణం ఇదీ:

బండి మీద బిడ్డ సల్లబడితే
కొంగు కప్పి కోట దాటినాను
ఆ బిడ్డ మొగం నీకు గురుతుండాదా
నాకైతే గురుతుండాది తండ్రీ

మా నాయన కన్నా ముందు అవ్వకు పుట్టిన ఆడబిడ్డ. జ్వరం వస్తే ఎద్దుల బండిలో ఉదయగిరి కోట పక్కగా ఆస్పత్రికి తీసుకుపోతుంటే దారిలోనే పోయింది. ఫొటో లేదు, సమాధి మీద రాయి లేదు. మా ఇంట్లో ఆ బిడ్డ మాట ఎత్తేవాళ్ళే లేరు. ఈ నాలుగు ముక్కల్లో తప్ప ఆ బిడ్డ ఎక్కడా లేదు.

ఒక ఏడాది మా చర్చి సంఘం వార్షిక కూడికకు ఆడవాళ్ళ పాటలన్నీ పుస్తకంగా వేయాలని సంఘ పెద్ద అనుకున్నాడు. ఆ పని నాకే ఇచ్చాడు. అవ్వ ఉదయగిరిలో బస్సెక్కి ఆత్మకూరు వచ్చి, నా పక్కన స్టూలు మీద కూర్చుని, తన పాటతో పాటు తక్కినవాళ్ళ పాటలు కూడా ఒక్కొక్కటీ పాడి చెప్పింది. నేను టైపు కొడుతూ పోయాను. తన పాట తెర మీద కనబడగానే లేచొచ్చి మూడో చరణం ఏదో చూపించమంది.

"ఇదేనా మే? ఈ గీతలేనా?" అని వేలు పెట్టి చూసింది. "అచ్చులో పడితే నేను పొయ్యినాక కూడా పాడతారు గదా."

"పాడతారు అవ్వా," అన్నాను.

ఆ మాట అన్న మర్నాడే మొదలైంది తంటా. సంఘ పెద్ద ప్రతి పేజీ చుట్టూ ద్రాక్షతీగ బోర్డరు ఉండాలన్నాడు. ఎక్కడిదో పాత పుస్తకంలో నచ్చి, నెల్లూరులో స్కాన్ చేయించి ఫ్లాపీలో తెచ్చాడు. ఆ తీగ పెట్టి, దాని మధ్యలో తెలుగు అక్షరాలు కూర్చితే మిషన్ బిగుసుకుపోయేది. మౌస్ కదలదు, కీ పనిచేయదు. ఆపి మళ్ళీ వేస్తే అప్పటిదాకా కొట్టినది పోయేది.

అప్పుడే మా నాయన ఏదో పని మీద ఆత్మకూరు వచ్చి షాపులో కూర్చున్నాడు. నేను బల్ల మీద గుద్దుతుంటే చూసి, ఏందమ్మా అన్నాడు. మెమరీ చాలడం లేదు నాయనా అన్నాను.

మా మెట్టలో బావి సంగతి తెలిసినవాళ్ళకు ఆయన జవాబు ఆశ్చర్యం కాదు. మోటారు వేస్తే కాసేపట్లో నీళ్ళు అడుగంటుతాయి. అప్పుడు ఆపేసి, ఊట ఊరిందాకా కాచుకోవాలి. ఆగకుండా తోడితే మోటారు కాలిపోతుంది.

"తోడేసినావు, అడుగంటింది. కాసేపు ఆపి పెట్టు, ఊరతాది," అన్నాడు నాయన.

ఆపాను. గుడ్డ కప్పి, ఇద్దరం పోయి టీ తాగి వచ్చాం. వేస్తే నడిచింది. నాయన మీసం దువ్వుకున్నాడు. ఎందుకైనా మంచిదని ఎస్టీడీ బూత్‌కి పోయి నెల్లూరికి ఫోను చేసి, ఇట్లా కాసేపు ఆపితే నడుస్తోంది, అంతేనా అని అడిగాను. అమ్మినవాడు నవ్వాడు.

"అంతేనమ్మా. ఊరికే రెస్ట్ ఇస్తా వాడుకోండి. దానికేం కాదు," అన్నాడు.

ఆపి వెంటనే వేసినా నడుస్తుందనీ, ఊరడానికి అందులో ఊట లేదనీ అతనికి తెలుసు. ఇంకొక మెమరీ ముక్క తగిలిస్తే ఈ బాధే ఉండదనీ తెలుసు. చెబితే ఎనిమిది చాలన్న తన మాట అబద్ధమవుతుంది. అందుకని మా బావి లెక్కకే తల ఊపాడు. మేము తెలియక చేసిన పొరపాటును, తెలిసినవాడు ఫోనులో ఒక్క మాటతో నిజం చేశాడు. అతన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు, క్షమించే ఉద్దేశం కూడా లేదు.

అట్లా సగం పాట కొట్టడం, సేవ్ చేయడం, ఆపడం, గుడ్డ కప్పడం, కాచుకోవడం. పొద్దుననగా కూర్చుంటే సాయంత్రానికి ఒకటి రెండు పేజీలు తెమిలేవి. కూడిక ముంచుకొచ్చింది. సంఘ పెద్ద వచ్చి చూసి మొహం చిట్లించాడు.

"ఆ తీగ తీసేస్తే చకచకా అయిపోతుందయ్యా. దాంతోనే బిగుసుకుంటా ఉండాది," అన్నాను.

"తీగ లేకపోతే బోసిగా ఉంటాదమ్మా. మూడో చరణాలు తీసెయ్యి. ఒక్కో పాట ఒక్క పేజీలో పట్టేస్తాది, సగం పేజీలు తగ్గిపోతాయి. దేవుని స్తుతి మొదటి రెండింట్లో వచ్చేసింది గదా, మూడోదంతా ఇండ్లల్లో గోడు. పుస్తకానికి రెండు చాలు."

మళ్ళీ అదే మాట. తీగ కోసం మనుషుల్ని తీసేస్తారా అని అడిగాను. గొంతు పెంచాను కూడా. పెద్దలతో మాట్లాడే పద్ధతి ఇదేనా అని ఆయన నాయనను అడిగాడు. నాయన, ఆయన చెప్పినట్టు చెయ్యమ్మా, సంఘం పని అన్నాడు. పల్లెలో ఆడవాళ్ళందరి మూడో చరణాలూ ఒక్క మాటతో కొట్టేశారు. ఒక్కామెనైనా అడగలేదు.

అవ్వకు నేనే పోయి చెప్పాను. మిషన్లో చోటు చాలలేదని చెప్పాను. సంఘ పెద్ద మాట చెబితే ఇంకా బాధపడుతుందని.

"అంత పెద్ద పెట్టెలో నాలుగు మాటలు పట్టవా మే?" అంది. "సర్లే, నాకు నోటికొచ్చు గదా," అని చేటలో వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంది.

కూడిక రోజు చర్చి నిండిపోయింది. చదువొచ్చినవాళ్ళందరి చేతుల్లో పుస్తకాలు. తీగ బాగానే ఉంది, దాన్ని చూసి అందరూ మెచ్చుకున్నారు. అవ్వ పాట వచ్చింది. పల్లె ఆడవాళ్ళు ముందు వరుసలో నిలబడి ఎత్తుకున్నారు, వెనకనుంచి అందరూ పుస్తకంలో చూసి పాడారు. రెండో చరణం అయ్యింది. పుస్తకాలు మూతపడ్డాయి. పక్క ఆడవాళ్ళు వెనక్కి చూసి, అందరూ ఆగారని తామూ ఆగారు.

అవ్వ ఆగలేదు. కళ్ళు మూసుకుని పాడుతోంది, చూడలేదు. బండి మీద బిడ్డ సల్లబడితే అని ఒక్క గొంతే వినిపించింది. కొంగు కప్పి దాకా వచ్చేసరికి సంఘ పెద్ద, ప్రార్థన చేద్దాం అన్నాడు. అందరూ తలలు వంచారు. అవ్వ కళ్ళు తెరిచి అటూ ఇటూ చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తనూ తల వంచింది. ఆ క్షణాన ఆ పుస్తకాలన్నీ లాక్కుని చించెయ్యాలనిపించింది నాకు. టైపు కొట్టిన చేతులు నావే.

తర్వాత ఎండాకాలంలో వేరే మెకానిక్ ఒకతను మిషన్ విప్పి, జానెడు కూడా లేని సన్నటి ఆకుపచ్చ మెమరీ ముక్క ఒకటి లోపల తగిలించాడు. టీ చల్లారేలోపు పని అయిపోయింది. ద్రాక్షతీగ పెట్టి అవ్వ పాట మూడు చరణాలూ కూర్చాను. ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ పేజీ ప్రింటు తీసి, అదే రోజు బస్సులో పల్లెకు పోయాను.

"అంతా వచ్చింది అవ్వా. పాడు, నేను చూస్తాను," అని కాగితం దగ్గర పెట్టాను.

మొదటిది పాడింది. రెండోది పాడింది. ఆగి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"మూడోది అవ్వా?"

"అందరూ ఆడిదాకానే పాడుకుంటా ఉండారు గదా మే," అంది. "చాల్లే. రెండు చాలు."