ఏ దిక్కుకెల్లి పోతవు?

మొన్న పెన్షన్ కోసం వేలు పెట్టమంటే ఆ చిన్న యంత్రం నా బొటనవేలిని నాలుగుసార్లు కాదంది. గీతలు అరిగిపోయాయట. అద్దం మీంచి తీసిన వేలికి మరకే లేదు. నాకు మాత్రం ఎప్పుడో ఇల్లు రిజిస్ట్రేషన్ నాటి స్టాంపు ప్యాడు సిరా వాసన, దాన్ని తుడుచుకున్న కిరసనాయిలు వాసన ముక్కుకు తగిలాయి. పిల్లలూ, మీరు చూడని యాదగిరి గారి గురించి చెబుతాను. నెమ్మదిగానే చెబుతాను, ఈమధ్య మాట్లాడినా ఆయాసంగా ఉంటోంది.

తొంభైలలో మాట. నాంపల్లిలో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుటి వసారాలో ఆయన టైపు మిషన్ పెట్టుకుని దస్తావేజులు రాసేవారు. మేము కొన్నది రామయ్య గారి ఇంటి వెనక భాగం, రెండు గదులు. ముందు భాగం ఆయనే ఉంచుకున్నారు. మీ తాతయ్యకు సెలవు దొరకలేదు, ఇల్లు కూడా నా పేరు మీదే, అందుకని నేనొక్కదాన్నే తిరిగాను. మొదటి రోజు రామయ్య గారు రాలేదు. రెండో రోజు మా వంతు రాకుండానే ఆఫీసు మూశారు. మూడో రోజు కాళ్లు లాగుతుండగా కలం చేతికొచ్చింది.

యాదగిరి గారు కాగితం మీద అరచెయ్యి పెట్టారు. సంతకాలకు ముందు ఒకసారి పైకి చదవడం ఆయన అలవాటు. ఇంటి హద్దులు వచ్చాయి: తూర్పున రామయ్య గారి ఇల్లు, మిగతా మూడు దిక్కులా పక్కవాళ్ల గోడలు. చదివి ఆగిపోయారు.

"అమ్మా, జర కండ్లు మూసుకో. రోడ్డు మీద నిలబడ్డవనుకో. నీ ఇంట్లకు ఏ దిక్కుకెల్లి పోతవు?"

"రామయ్య గారి వాకిట్లోంచేనండీ."

"గా తొవ్వ కాయితంల ఏది?"

పాత దస్తావేజు నాటికి రెండు భాగాలూ ఒకే ఇల్లు. అందులో దారి మాట లేదు. దాన్ని చూసి టైపు కొట్టడంతో ఇందులోనూ రాలేదు. "తప్పు నాదే," అన్నారు యాదగిరి గారు, దాచకుండా.

రామయ్య గారికి కోపం వచ్చింది. "ఏందయ్యా, గీమెను లోపటికి రానియ్యనా? నేను మనిషినా, గోడనా?"

"నువ్వు మంచోనివే మామా. నీ మంచితనం నీతోనే పోతది. కాయితం ఉంటది."

రామయ్య గారు చెప్పులేసుకుని మెట్లు దిగారు. ఇల్లు చేజారిందనుకున్నాను. ఉన్నదాని మీదే సంతకం పెట్టేస్తానని బతిమాలాను. యాదగిరి గారు వినలేదు. వెనకే వెళ్లి, ఛాయ్ తాగించి, గంటకు తీసుకొచ్చారు.

"రాసుకో, నీ పోరు వడలేను. మూడడుగులు సాలవా?"

"మూడా? బీరువా ఎట్ల పోతది మామా? ఆరు."

అప్పటికి మా వంతు దాటిపోయింది. కొత్త స్టాంపు కాగితాలు, నాలుగో రోజు. ఆ సాయంత్రం మొజంజాహీ మార్కెట్ దగ్గర బస్సు కోసం నిలబడి ఆయన్ని మనసులో తిట్టుకున్నాను.

రామయ్య గారు పోయిన కొన్నేళ్లకు ముందు ఇల్లు చేతులు మారింది. కొన్నవాళ్లు అడ్డంగా గోడ కట్టడానికి వాకిట్లో ఇటుకలు దింపారు. గొడవపడే ఓపిక నాకు లేదు. దస్తావేజు తెచ్చి ఆ ఒక్క వాక్యం మీద వేలు పెట్టాను. వాళ్లు చదివారు. ఇటుకలు జరిగాయి, సరిగ్గా ఆరడుగులు.

ఆ మాట చెబుదామని వెళ్తే వసారాలో జిరాక్సు మిషన్ ఉంది. "యాదగిరి సారా? పోయిండమ్మా, రెండేండ్లాయె," అన్నాడు అక్కడి మనిషి. నేను తిట్టుకున్నదీ ఆయనకు తెలియదు, దండం పెట్టుకున్నదీ తెలియదు.

ఇప్పటికీ ఏ కాగితం ముందుకొచ్చినా సంతకానికి ముందు కళ్లు మూసుకుంటాను. బ్యాంకులో అమ్మాయి నేను కునుకు తీస్తున్నాననుకుంటుంది. నేను రోడ్డు మీద నిలబడి, లోపలికి తొవ్వ ఉందో లేదో చూసుకుంటుంటాను.