పక్కింటి పెట్టెకు తాళం

మొన్న మధ్యాహ్నం వినుకొండ నుంచి ఫోనొచ్చింది. "అక్క పోయింది. సాయంత్రం నమాజు అయ్యాక తీసుకెళ్తారు," అన్నారు. చాలాకాలంగా మంచం పట్టిన మనిషే, అయినా ఉన్నపళంగా బస్సెక్కాను. ఆవిడ నా తోడబుట్టింది కాదు. పల్లెల్లో ఆడవాళ్ళ సంఘాలు నడిపే మా చిన్న సంస్థలో నాకు పని నేర్పింది ఆవిడే. ఊరూరా అందరికీ అక్కే.

అక్క ఎక్కడా ఉపన్యాసం ఇచ్చేది కాదు. ఏ ఊరెళ్తే ఆ ఊరి ఆడవాళ్ళ అరుగు మీద కూర్చుని, వాళ్ళతో పాటు మిరపకాయల తొడిమలు తీస్తూ ఇంకో ఊరి సంగతి ఎత్తుకునేది. "మనం చెబితే ఎవరు వింటారమ్మాయ్? వాళ్ళలాంటోళ్ళు చేశారంటే వింటారు," అనేది. ఆ చేత్తోనే కళ్ళు నులుముకుని, నీళ్ళు కారుతుంటే తనే నవ్వేది.

పత్తి దెబ్బతిన్న ఆ ఏళ్ళలో ఎక్కువగా చెప్పింది ఒకటే కథ. అప్పుల పాలైన రైతులు పురుగుమందు తాగి చచ్చిపోతుంటే, వినుకొండ దగ్గర ఒక పల్లెలో ఒక వీధి ఆడవాళ్ళు కట్టుబాటు పెట్టుకున్నారు. ఎవరి మందు డబ్బా వాళ్ళింట్లో ఉండకూడదు. పక్కింటి పెట్టెలో ఉండాలి, తాళంచెవి పక్కింటావిడ బొడ్లో ఉండాలి. చేలో కొట్టాలంటే పొద్దున్నే వెళ్ళి అడగాలి. అడిగిన మనిషి మొహం ఎలా ఉందో చూసి ఆవిడ ఇస్తుంది. ఆ వీధిలో చావులు ఆగాయి.

ఒంగోలు వైపు ఒక ఊళ్ళో ఈ కథ విన్న కోటమ్మకు ఆశ పుట్టింది, అనుమానమూ పుట్టింది. ఆమె మొగుడికి వరసగా పంట పోయింది. మనిషి మాట్లాడటమే మానేశాడు. పక్కింటితోనేమో గట్టు తగాదా.

"మాటల్లేని ఇంటికి డబ్బా ఎట్టా ఇచ్చేదక్కా? ఆ ఊళ్ళో ఇప్పటికీ అట్టాగే జరుగుతుందా?"

"నువ్వే చూద్దువుగాని, రా," అంది అక్క. ఆ ఊరు మొహం చూసి ఎన్నాళ్ళయిందో ఆవిడకు తట్టలేదు.

జీపులో వెళ్ళాం. ఆ వీధిలో పెట్టెలున్నాయి, వాటిలో పాత చీరలున్నాయి. డబ్బాలు ఎవరి మంచం కింద వాళ్ళవి. "ఒక ఏడు బాగా పండింది. ఇంకెందుకులే అనుకున్నాం," అందొకావిడ. మరుసటేడు పండలేదట. ఆవిడ నుదుట బొట్టు లేదు. అక్క ఆవిడ చెయ్యి పట్టుకుని అలాగే కూలబడిపోయింది.

"కథలకేముందిలే అక్కా, ఎన్నయినా చెప్తారు," అంది కోటమ్మ తిరుగుదారిలో. డబ్బా పక్కింటికి వెళ్ళలేదు. ఆ పత్తి తీతలు అవకుండానే ఆమె మొగుడు ఆ మందే తాగి పోయాడు.

అప్పట్నుంచి అక్క ఆ కథను చివరిదాకా చెప్పేది. "ఆ చివరి ముక్క తీసెయ్యమ్మా, వినేవాళ్ళు నీరుగారిపోతున్నారు," అన్నారు సంస్థ పెద్దలు. ఆవిడ ఒప్పుకోలేదు. తను మళ్ళీ చూసి రాని ఊరి కథ ఇంక నోటెంట రానివ్వనంది. అన్నంత పనీ చేసింది. వెళ్ళిన ప్రతిచోటా ఏదో ఒకటి చెడిపోయే ఉండేది. ఆఖరికి చెప్పడానికి నిలిచిన కథ ఒక్కటీ లేక, ఊరికే కూర్చుని తొడిమలు తీసి వచ్చేది. అది చూడలేక నేను వేరే పని వెతుక్కున్నాను.

మొన్న అక్క ఇంట్లో, ఆడవాళ్ళ మధ్య ఓ మూల కోటమ్మ కనిపించింది. బొడ్లో తాళాల గుత్తి.

"ఎవరివే ఇవన్నీ?"

"మా వీధోళ్ళవి. మందు డబ్బాలన్నీ మా ఇంట్లోనే పెడతన్నారు. గట్టు తగాదా పడ్డోళ్ళే ముందు తెచ్చారు."

నా ప్రాణం లేచొచ్చింది. అక్క ఉండగా ఈ మాట వినుంటే ఎంత బాగుండేది అనుకున్నాను. కోటమ్మ నా మొహం చూసింది.

"సంబరపడమాక. మా ఇంట్లో అయితే భయం లేదని పెడతన్నారు. తాగేవాడు లేడుగా."

ఇంతలో అక్కను ఎత్తారు. అందరం లేచి నిలబడ్డాం. తాళాలు గలగలమన్నాయి. కోటమ్మ వాటిని గుప్పిట బిగించి పట్టుకుంది. జనాజా వీధి మలుపు తిరిగినా ఆ గుప్పిట విప్పలేదు.